సర్కిళ్ళు: గుండ్రనివి, గుండ్రనివి కానివి

1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలై, మరాఠ్వాడా బొంబాయికిని, కన్నడ జిల్లాలు మైసూరునకును, తెలంగాణము ఆంధ్రమునకును చేరిన సంగతి ఎల్లరు ఎరిగినదే; కాని ఆ విభజనకు ఆధారమైన రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టమును చేతబట్టి, ఏ భూభాగము ఎవరికి చెందునో చెప్పు పంక్తులను నింపాదిగా చదివినవారికి అందొక చిన్న ఇంగ్లీషు మాట పదేపదే ఎదురగును. మొదట జిల్లాల పేర్లు వచ్చును. జిల్లాలు చాలక తాలూకాల పేర్లు వచ్చును. తాలూకాలును చాలనిచోట సర్కిలు వచ్చును. నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళును, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళును, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలును తెలుగు రాష్ట్రమునకు వచ్చినవి. జహీరాబాదు తాలూకా తాను వచ్చుచు నిర్నా సర్కిలును వెనుక విడిచివచ్చినది. ఆదిలాబాదు జిల్లానుండి ఇస్లాపూర్ సర్కిలు, కిన్వట్, రాజూరా తాలూకాలతో పాటు ఆవలికి పోయినది.

బిచ్కుంద ఆ పిమ్మట ఆరు దశాబ్దములు నిజామాబాదు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. మంజీరకు పడమట, మరాఠీ, కన్నడ, తెలుగు, ఉర్దూ నాలుగును ఒకే అంగడిలో వినవచ్చు ఆ ఊరికి తన రాష్ట్రమేదో నిర్ణయించిన మాట సర్కిలు. ఆ మాట గణితములో ఒకటి, కచేరీలో ఒకటి, వైద్యములో ఒకటి, ఆటలో ఒకటి, తర్కములో ఒకటిగా చలామణి యగుచున్నది. దాని నానార్థములను కూడబెట్టుట నిఘంటుకారుని పని. ఏ అర్థమునకు కేంద్రమున్నది, ఏ అర్థమునకు అంచు మాత్రమే ఉన్నది అని విడదీసి చూచుటకే ఈ వ్యాసము.

ముందుగా ఇంటివారి అర్థమును చూతము. నిజాము రాజ్యమున మొదటి సాలార్ జంగు 1865లో జిల్లాబందీ గావించి, జిల్లాలను తాలూకాలుగ నేర్పరచిన తరువాత, తహసీలుదారునకును ఊరి పట్వారీకిని నడుమ ఒక మనిషి కావలసివచ్చెను. అతడే గిర్దావరు. పారసీకమున గిర్ద్ అనగా చుట్టు, గిర్దావరు చుట్టివచ్చువాడు. కొన్ని ఊళ్ళను ఒక జట్టుగ కట్టి, వానిని చుట్టివచ్చు పనిని అతనికి అప్పగించిరి. ఆ జట్టు పేరే సర్కిలు. చుట్టివచ్చుట ఏ తీరున నుండునో కొంచెము దగ్గరగా చూడవలెను: పంట నిలిచియున్న దినములలో పట్వారీ పహాణీ పుస్తకమును చంకనబెట్టుకొని గట్టుమీద ముందు నడచును, గిర్దావరు వెనుక వచ్చుచు, ఈ నంబరులో పట్టాదారు ఎవరు, కబ్జాలో నున్నది ఎవరు, జొన్న వేసినారా ప్రత్తి వేసినారా, బావి యున్నదా లేదా యని అడిగి, పుస్తకములోని గడితో కంటియెదుటి పొలమును సరిపోల్చి, సరిపోలినచోట దస్కతు చేయును. పట్వారీ వ్రాసినది గిర్దావరు కాళ్ళు తిరిగినంత మేర మాత్రమే సర్కారు నమ్మును. కనుక ఈ సర్కిలునకు ఆకారము లేదు. వాగులను, గుట్టలను, పాత జాగీరుల పొలిమేరలను పట్టుకొని అది ఎన్ని వంకరలైన పోవచ్చును. ఒక మనిషి ఒక ఋతువులో తిరిగి రాగలిగినంత నేల యన్నదే దాని కొలత. పట్వారీలు పోయిరి, తహసీలు పేరు మారి మరల వచ్చినది, ఐనను తెలంగాణపు పల్లెలలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరును నేటికిని గిర్దావరనియే పిలుచుచున్నారు. కోస్తాలో ఇదే అంతస్తునకు ఫిర్కాయనియు, కన్నడ దేశమున హోబళీయనియు పేరు. (ఉత్తర సర్కారులను దీనితో కలుపరాదు. అది ప్రభుత్వమను అర్థముగల సర్కార్ శబ్దము. దాని ఇంగ్లీషు వ్రాత పోలికను చూచి సర్కిలునకు చుట్టరికము కట్టినవారున్నారు కాని, అది ఒట్టి అక్షరసామ్యము.)

ఇట్టి రెవెన్యూ విభాగమును రాష్ట్రముల హద్దునకు కొలబద్దగ గైకొనుటలో ఒక చిక్కు కలదు. సర్కిలు లోపల ఇరవై యూళ్ళుండి, అందు నాలుగైదు ఊళ్ళవారి మాట వేరైనను, ఆ నాలుగైదును సర్కిలుతో పాటు పోవలసినదే. 1956లో అట్లే జరిగెను. తరువాత ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రముల నడుమ తగవు తీర్చుటకు వచ్చిన పటాస్కర్ సర్కిలును కాక గ్రామమును ప్రమాణముగ గ్రహించెను. ఆ నిర్ణయము ననుసరించి 1959లో చట్టము చేయబడి, 1960 ఏప్రిలు 1న ఊళ్ళు చేతులు మారినవి. ప్రమాణము చిన్నదైన కొలది న్యాయము సూక్ష్మమగునని నేనందును. ఐతే గ్రామము గ్రామముగ గీచిన గీత కుట్టుపని వలె వంకర టింకరలు పోయి, పాలనకు అడ్డమగునని చెప్పువారి మాటలోను సారము లేకపోలేదు. బిచ్కుంద సర్కిలునకు ఆ రెండవ పరీక్ష ఎదురు కాలేదు.

1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము తాలూకాలను తీసివేసి మండలములను స్థాపించినప్పుడు ఒక చిత్రము జరిగినది. మండల మనగా వర్తులము. సూర్యమండలము, చంద్రమండలము అనునప్పుడు మనము చెప్పునది అదియే. బిచ్కుంద సర్కిలు బిచ్కుంద మండలమయ్యెను. అనువాదము చేయుచున్నామని తెలియకయే ప్రభుత్వము అనువాదము చేసినది. మండల శబ్దము మనకు రాజ్యతంత్రమున ప్రాచీనమైనది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజమండలమును వర్ణించుచు, విజిగీషువును నడుమ నుంచి, అతని పొరుగువానిని శత్రువుగను, ఆ పొరుగువాని పొరుగువానిని మిత్రముగను పన్నెండుగురు రాజులదాక లెక్కించి, చక్రపు నాభిగ తనను, నేమిగ పరులను భావింపుమని రాజునకు నేర్పెను. అది కేంద్రమే సర్వస్వమైన మండలము. మన మండలమున కేంద్రమనగా తహసీలుదారు కార్యాలయము, ఠాణా, బస్సు ఆగుచోటు. నేమి యనగా అచటికి రెండు బస్సులు మారి రావలసిన ఊరు.

వంశవిచారణ కొంచెము చేయక తప్పదు. లాటినులో సర్కస్ అనగా వలయము. దానికి అల్పార్థకము సర్కులస్, చిన్న వలయము. ఆ రెండవదే సర్కిలు. ఏనుగులను ఆడించు సర్కసు దీనికి తోబుట్టువు. మన చక్రమునకు మాత్రము ఇది దాయాది కాదు. చక్రమునకు దాయాది సైకిలు. గ్రీకు కుక్లోస్, సంస్కృత చక్రము ఒక్క మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. దెగ్లూరు త్రోవలో సైకిలు తొక్కుచు పోవు బాలుడు తన తాతముత్తాతల మాటనే తొక్కుచున్నాడు. అతడు దాటు సర్కిలు మాత్రము పరదేశి.

గణితమున ఈ మాటకు సందేహమునకు తావులేదు. ఒక స్థిరబిందువునుండి సమదూరమున నున్న బిందువుల సముదాయము వృత్తము. కళ్ళమున నడుమ పాతిన గుంజకు పలుపు కట్టిన ఎద్దు ఎంత తిరిగినను గుంజకు దగ్గర గాని దూరము గాని కానట్లు, వృత్తపరిధి కేంద్రమునకు దాస్యము చేయును. ఆర్యభటుడు ఇరువది వేల వ్యాసము గల వృత్తమునకు 62,832 పరిధి యని చెప్పి, ఆ లెక్క ఆసన్నము మాత్రమేయని ఒక్క పదము చేర్చెను. ఆ ఒక్క పదములోని వినయము, ఆ వినయము వెనుకనున్న జ్ఞానము నాకు ఆ సంఖ్యకంటె గొప్పవిగ తోచును. ఏలయనగా వృత్తమునకు సమానవైశాల్యముగల చతురస్రమును కొలబద్ద, వృత్తలేఖినులతో గీయుట అసాధ్యమని 1882లో లిండెమాన్ నిరూపించువరకు లోకము ఆ గీతకై పాటుపడుచునే యుండెను. గోళముపై గీయు వృత్తములలో గోళకేంద్రమే కేంద్రముగ గలది మహావృత్తము. గోళముపై రెండు స్థలముల నడుమ దగ్గరి త్రోవ దానివెంటనే యుండును. హైదరాబాదునుండి అమెరికాకు పోవు మన పిల్లలు విమానములో ఎదుటి తెరపై తమ త్రోవ ఉత్తర దిక్కునకు విల్లువలె వంగుట చూచి, చుట్టుదారి పట్టినారేమి యని శంకింతురు, అదియే అడ్డదారి.

గణితమును దాటి ఒక్క యడుగు వేసినంతనే ఆ నియతి సడలిపోవును. క్రికెట్టు వ్యాఖ్యాతలు ముప్పది గజముల సర్కిలని గంటకు ఎన్నిమారులో చెప్పుదురు. అది సర్కిలు కాదు. ఇరుప్రక్కల మధ్య వికెట్టు కేంద్రముగ ముప్పది గజముల వ్యాసార్ధముతో రెండు అర్ధవృత్తములు గీచి, వానిని సరళరేఖలతో కలుపుదురు. కోడిగ్రుడ్డుకంటెను పొడవైన ఆకారము వచ్చును. వన్‌డేలో మొదటి పది ఓవర్లును దాని వెలుపల ఇద్దరికంటె ఎక్కువమంది నిలువరాదు. హాకీలో గోలు ముందరి సర్కిలును చూచినచో అది 14.63 మీటర్ల వ్యాసార్ధముగల రెండు పాదవృత్తములు, నడుమ ఒక తిన్నని గీత. ఆటగాండ్రు దానిని డీ యని పిలుచుటయే సబబు. రెండుచోట్లను సర్కిలు గుండ్రదనమును విడిచి, లోపల, వెలుపల అను భేదమును మాత్రము నిలుపుకొన్నది.

వైద్యమున విల్లిస్ వలయము మరింత విచారణార్హము. 1664లో థామస్ విల్లిస్ మెదడును గూర్చి వెలువరించిన లాటిను గ్రంథమున, మెదడు అడుగుభాగమున ధమనులు ఒకదానితోనొకటి చేతులు కలిపి వలయమైన తీరును వర్ణించెను. ఆ గ్రంథమునకు బొమ్మలు గీచినవాడు, పిమ్మట లండనులో సెయింట్ పాల్ ఆలయమును నిర్మించిన క్రిస్టఫర్ రెన్. మెడకు ముందువైపున రెండు కెరోటిడ్ ధమనులు, వెనుకవైపున వెన్నుపూసల రంధ్రములగుండ రెండు ధమనులు పైకి పోవును. ఈ నాలుగింటిని సన్నని వంతెన నాళములు కలుపును. ఒక త్రోవ మెల్లమెల్లగ పూడుకొని వచ్చినచో, రెండవ త్రోవ రక్తము వంతెనమీదుగ అటు మరలి మెదడును కాపాడగలదు. చిత్రమేమనగా ఇది వృత్తము కాదు, బహుభుజి. అదియును అందరిలో పూర్తిగ నుండదు, అనేకులలో ఒకటో రెండో వంతెనలు సన్నగిల్లియో లోపించియో యుండును. ఇట్టివారు నూరేండ్లు సుఖముగ బ్రదుకవచ్చును. ధమని మూసికొనిన నాడు మాత్రమే ఆ లోటు బయటపడును. వలయమునకు ఇచట కేంద్రమనునది లేనేలేదు, కేంద్రముతో పనియు లేదు. ఒకరి త్రోవ మూసికొనినప్పుడు మరియొకరు అందుకొనుటయే దాని ప్రయోజనము. మనుష్యుల సర్కిళ్ళు ఈ జాతివి, గుంజకు కట్టిన ఎద్దు జాతివి కావు. దానిని పిమ్మట చెప్పెదను.

ప్రభుత్వ శాఖల సర్కిళ్ళు మాత్రము అచ్చముగ ఎద్దు జాతివి. బిచ్కుందలో ఇల్లుగల యొక గృహస్థు ఎన్ని సర్కిళ్ళలో నివసించుచున్నాడో అతనికే తెలియదు. ఠాణాలు కొన్ని చేరి పోలీసు సర్కిలు. దాని యధికారిని కాగితములపై సీఐ యందురు, మాటలలో సర్కిల్ సారందురు, అనగా భూభాగము పేరే మనిషి పేరైనది. ఇంజినీర్ల కొలువులో సెక్షను, సబ్‌డివిజను, డివిజను, ఆపై సర్కిలు. అది సూపరింటెండింగ్ ఇంజినీరు మెట్టు, కామారెడ్డి పేరిట విద్యుత్ సర్కిలొకటి వరంగల్లు కేంద్రముగనున్న ఉత్తర మండల పంపిణీ సంస్థలో కలదు. అడవుల శాఖకు, పురావస్తు శాఖకు వేరువేరు సర్కిళ్ళు. తపాలాకు తెలంగాణ సర్కిలు. 1972లో వచ్చిన పిన్‌కోడులో బిచ్కుంద అంకె 5తో మొదలగును, ప్రక్కనున్న దెగ్లూరు అంకె 4తో మొదలగును. ఈ సర్కిళ్ళలో ఏ రెండును ఒకదానిమీద నొకటి సరిగ కూర్చుండవు. ఒక స్తంభము కూలినచో ఒకరికి, కాలువ తెగినచో మరియొకరికి, తగవు పడినచో వేరొకరికి మొర పెట్టుకొనవలెను. పరిధిమీద నున్న ఊరికి కేంద్రములెన్నియో, అన్నియు దూరములే.

టెలిఫోను సర్కిలు వీనిలో చిన్నవాడైనను పొగరుబోతు. సెల్‌ఫోను లైసెన్సుల నిమిత్తము దేశమును 22 సర్కిళ్ళుగ విభజించిరి. రాష్ట్రము రెండైన తరువాత కూడ ఆ లెక్కలో తెలంగాణము ఆంధ్రప్రదేశ్ సర్కిలులోనిదే, మహారాష్ట్ర, గోవాలు ఒక సర్కిలు, కర్ణాటక మరియొకటి. మూడు సర్కిళ్ళు ముట్టుకొను ఈ మూలలో నేలమీది హద్దును తరంగములు గుర్తింపవు. మద్నూరు దాటి దెగ్లూరు వైపు పోవుచున్న కొలది, తెలుగు చేలలోనుండగనే జేబులోని ఫోను మహారాష్ట్రమునకు స్వాగతము పలుకును. ఆవల నుండగనే ఒక్కొక్కప్పుడు మరల మనదగును. రోమింగు రుసుములు ఉన్న దినములలో సరిహద్దు పొలాల రైతు, ఇల్లు కదలకయే పరరాష్ట్రపు రేటు చెల్లించెడివాడు. సర్కిలు మారినను నంబరు మారకుండు సదుపాయము 2015 జులైలో దేశమంతట వచ్చినది. అంతదాక దెగ్లూరునుండి బిచ్కుందకు కోడలై వచ్చిన పిల్ల పుట్టింటి నంబరును పుట్టింటనే విడువవలసివచ్చెడిది.

రోడ్ల కూడలికి మనవారు పెట్టిన పేర్లలో ఒక వినోదమున్నది. రాయలసీమవారు, బెంగుళూరు సాంగత్యమున కాబోలు, కూడలిని సర్కిలందురు: అనంతపురమున సప్తగిరి సర్కిలు, తిరుపతిలో లీలామహల్ సర్కిలు. కోస్తావారు సెంటరందురు, బెజవాడ బెంజి సర్కిలు వంటి మినహాయింపులున్నను అచటి వాడుక సెంటరే. తెలంగాణమువారు చౌరస్తా యందురు. ఒక్క స్థలమునే ఒకరు పరిధిని బట్టియు, ఒకరు కేంద్రమును బట్టియు, ఒకరు ఖండించుకొను వ్యాసములను బట్టియు పిలిచిరి. సరిహద్దు దాటినచో చౌక్ అని నాలుగవది. బిచ్కుంద ప్రాంతమున ఒక్కనాటి సంభాషణలో చౌరస్తా, చౌక్ రెండును వినవచ్చును, ఎవరును ఆశ్చర్యపడరు.

ఇక మనుష్యుల సర్కిళ్ళు. స్టడీ సర్కిలును 1902లో స్వీడనులో ఆస్కార్ ఓల్సన్ ప్రారంభించెను. ఉపాధ్యాయుడు లేకుండ, కొలదిమంది శ్రామికులు ఒక పుస్తకము చుట్టు కూర్చుండి తమలో తాము చదివి చర్చించుకొనుట దాని పద్ధతి. వియన్నాలో మొరిట్స్ ష్లిక్ చుట్టు గురువారపు సాయంకాలములు చేరిన తత్త్వవేత్తల గుంపునకు సర్కిలను పేరే స్థిరపడినది. 1962లో జపానులో ఇషికావా పూనికతో, యంత్రము దగ్గర నిలుచు కార్మికులే లోపములను వెదకి దిద్దుకొను క్వాలిటీ సర్కిళ్ళు వెలసినవి. మన దేశమున వానికి ఆదిస్థానము హైదరాబాదు దాపున రామచంద్రాపురములోని భెల్ కర్మాగారము, వాని జాతీయ సంఘము 1982లో సికింద్రాబాదున నెలకొన్నది. వీనికన్నిటికిని సమానధర్మము, విల్లిస్ వలయమున వలె, పెద్దపీట లేకుండుట. తెలంగాణములో నేడు స్టడీ సర్కిలనగా ఎస్సీ, బీసీ విద్యార్థులకు ఉద్యోగ పరీక్షలు నేర్పుటకు ప్రభుత్వము నడుపు శిక్షణాలయము. అందు బోధకుడు నల్లబల్లవద్ద నిలుచును, మూడువందలమంది వరుసలు తీరి వ్రాసికొందురు. ఓల్సన్ చూచినచో ఇది సర్కిలు కాదు, తరగతి యనును. ఐనను జుక్కల్ ప్రాంతపు పేదయింటి పిల్లవానికి వలయాకారముకంటె ఉద్యోగమే ముఖ్యము గదా యని సమాధానము చెప్పుదును. మన సర్కిలు వేరు, వారి సర్కిలు వేరు అని నలుగురు మాటాడుకొనునప్పటి సర్కిలును గూర్చి ఎక్కువ చెప్పనక్కర లేదు: అది లోపలివారికి ఆప్యాయము, వెలుపలివారికి గోడ.

తర్కశాస్త్రమున సర్కిలు దోషము. మన నైయాయికులు దానిని ఒక్క మాటతో పోనీయక తరగతులు చేసిరి: తన్ను తానే ఆశ్రయించినచో ఆత్మాశ్రయము, రెండు ఒకదానినొకటి ఆశ్రయించినచో అన్యోన్యాశ్రయము, మూడు మొదలుకొని చుట్టు తిరిగినచో చక్రకము. ఇంగ్లీషువారు ఒక్క సర్కిలుతో సరిపెట్టుకొన్నచోట మనకు మూడు పెట్టెలున్నవి. అర్థశాస్త్రమునకు ఈ మాటను తెచ్చినవారిలో ప్రసిద్ధుడు రాగ్నార్ నర్క్సే. 1953లో ఆయన చెప్పినది మన పరిభాషలో చక్రకమే: ఆదాయము తక్కువ కనుక పొదుపు తక్కువ, పొదుపు తక్కువ కనుక పెట్టుబడి తక్కువ, పెట్టుబడి తక్కువ కనుక దిగుబడి తక్కువ, దిగుబడి తక్కువ కనుక ఆదాయము తక్కువ. దీనిని తెలుగున విషవలయమందురు. పీటర్ బాయర్ దీనిని ఖండించుచు, ఈ వలయమే నిజమైనచో లోకమున ఏ దేశమును ఎన్నడును బాగుపడి యుండరాదు గదా యని అడిగెను. ప్రశ్న పదునైనదే, కాని బాగుపడినవారిలో కొందరికి వలయము ఎచట తెగినదో అడిగినచో, మంజీర ఒడ్డునుండియే ఒక సమాధానము లభించును. అచ్చంపేటవద్ద 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరపు ప్రధాన కాలువ నదికి కుడివైపున బాన్సువాడ, బోధన్ మీదుగ పోయెను; ఆ నీటితో వరియు చెరకును వచ్చినవి, చెరకుతో బోధన్‌లో చక్కెర కర్మాగారము వచ్చినది, దానివెంట రైలుకొమ్మయు వచ్చినది. కర్మాగారము 2015 చివర మూతబడినను, కాలువ క్రింది పొలము పొలముగనే నిలిచినది. బిచ్కుంద ఎడమవైపున నున్నది. అచటి నల్లరేగడిలో సోయాబీను, కంది, మినుము, పెసర, ప్రత్తి మబ్బును చూచి పండవలసినవి. ఒక వాన తప్పినచో నర్క్సే వాక్యము మొదటినుండి మరల ప్రారంభమగును. ఆ వైపునకు మంజీర నీటిని ఎత్తిపోయుటకు తలపెట్టినది నాగమడుగు పథకము. నది బిచ్కుందకు తూర్పున కొద్ది మైళ్ళలోనే పారుచున్నది. నేల ఎత్తు గనుక నీరు తానై ఎక్కదు, పంపులు కావలెను.